పంటి పెచ్చు

సుజాత టీచర్‌కి పళ్ల క్లిప్పులు తీసే రోజున నంద్యాలలో మధ్యాహ్నం రెండున్నరకు కరెంటు పోయింది.

పళ్ల డాక్టరు తస్నీమ్ క్లినిక్ సంజీవనగర్ గేటుకు పోయే దారిలో, ఒక మందుల షాపు పైన ఉంది. రెండు గదులు, ఒక కుర్చీ, సాయానికి షమా అనే పిల్ల. తస్నీమ్ పళ్ల వరస సరిచేసే పెద్ద చదువు బళ్లారి వైపు చదువుకొని వచ్చి, సొంతూళ్లో బోర్డు పెట్టుకొని నాలుగేళ్లయింది. చేతివాటం మంచిదని, నొప్పి తెలియనివ్వదని పేరొచ్చింది. ఆ పేరు ఆళ్లగడ్డ దాకా పోయిందంటే అది సుజాత వల్లనే.

సుజాత ఆళ్లగడ్డ హైస్కూల్లో సోషల్ చెబుతుంది. నలభై ఒక్క ఏళ్లు. భర్త డోన్‌లో రైల్వే ఉద్యోగి, సెలవులకు వచ్చిపోతుంటాడు. ఇంట్లో ఆమె, తల్లి బాలమ్మ. రెండేళ్ల కిందట మొదటిసారి వచ్చినప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకొనే మాట్లాడింది.

"నేను గదిలోకి వచ్చేదానికంటే ముందు నా పళ్లొస్తాయి డాక్టరమ్మా. పిల్లోళ్లు ఎత్తుపళ్ల టీచర్ అంటారు. నాకు ఇనపడదనుకుంటారు. ఈ వయసులో క్లిప్పులేందే అని మా యమ్మ తిడతాండాది. తిట్టనీ. నా జీతం, నా పళ్లు. అయితే కనపడకూడదు. తెల్లవి ఉంటాయంట గదా, అవి పెట్టు."

తెల్లవి అంటే పంటి రంగులో ఉండే పింగాణీ క్లిప్పులు. స్టీలు వాటికంటే పెళుసు, పంటిని పట్టుకొంటే మాత్రం మొండిగా పట్టుకొంటాయి. ఆ రోజు తస్నీమ్ పంటి వెనకనుంచి లైటు వేసి చూస్తే, పై వరసలో ఎడమవైపు ముందుపంటి మీద వెంట్రుకంత సన్నని నిలువు గీత కనిపించింది. అడిగితే, చిన్నప్పుడు బోరింగు పిడి మూతికి తగిలిందని సుజాత చెప్పింది. తస్నీమ్ కేసు కాగితంలో రాసుకుంది: ఎడమ ముందుపన్నుకు పగులు ఉంది, తీసేటప్పుడు పట్టుకారు వాడకూడదు, క్లిప్పును అక్కడే నెమ్మదిగా అరగదీయాలి. రాసుకుంది కానీ సుజాతకు చెప్పలేదు. చెబితే భయపడి వెనక్కి పోతుందేమో, ఇంత ఆశపడి వచ్చిన మనిషి అనుకుంది. తర్వాత చెప్పొచ్చులే అనుకుంది. ఆ తర్వాత అనేది రెండేళ్లలో ఒక్కసారి కూడా రాలేదు.

ఇప్పుడు కింది వరస అంతా తీసేసింది. పై వరసలో ఐదు శుభ్రంగా ఊడి వచ్చాయి. ఆ పగులు పన్ను దగ్గరికి వచ్చేసరికి కరెంటు పోయింది. ఇన్వర్టరు మీద లైటు, ఫ్యాను తిరుగుతాయి. అరగదీసే మిషనుకు గాలి ఇచ్చే మోటారు మాత్రం తిరగదు.

"ఏమైంది?" అంది సుజాత, నోరు తెరిచే.

"కరెంటు పోయింది అక్కా. ఒకటి ఆగింది, మిగిలినవి తీసేస్తా."

"బేగా తీసెయ్ తల్లీ. నాలుగింటి బస్సు అందుకోవల్ల. ఆరింటికి ఇంట్లో ప్రార్థన కూటం పెట్టుకున్నా. కృతజ్ఞత కూటం. దేనికనుకున్నావు? ఈ పళ్లకే!"

బయట గదిలో ముగ్గురు ఎదురుచూస్తున్నారు. ఒకాయన రెండుసార్లు తలుపు తోసి చూసి పోయాడు. తస్నీమ్ మిగతావన్నీ తీసేసింది. చివరికి ఆ ఒక్కటే మిగిలింది. కేసు కాగితం పక్కనే ఉంది. అందులో ఏం రాసి ఉందో చూడకుండానే తెలుసు. అన్నీ బాగానే వచ్చాయి, ఇదీ వస్తుంది అనుకుంది. పట్టుకారు అంచులు రెండు వైపులా ఆనించి మెల్లగా నొక్కింది.

టక్కుమంది. ఆ చప్పుడు మామూలుగా వచ్చేది కాదని చెవికంటే ముందు ఆమె వేళ్లకు తెలిసింది.

క్లిప్పు చేతిలోకి వచ్చింది. దాని వెనక జిగురు, జిగురుకు అతుక్కొని పెసరపొట్టంత తెల్లటి పెచ్చు. పంటి మీద ఆ మేర నిగనిగ పోయి, లోపలి పసుపు కాస్త తేలింది. తస్నీమ్ క్లిప్పును ట్రేలో పెట్టింది. షమా ట్రే పట్టుకొని నిలబడి, క్లిప్పు వంక, ఆమె ముఖం వంక చూసింది.

"అయిపోయిందా?" అంది సుజాత.

"ఇంకొంచెం అక్కా. జిగురు శుభ్రం చేయాల."

పది నిమిషాలకు కరెంటు వచ్చింది. సరిగ్గా పది నిమిషాలు.

తస్నీమ్ మిగిలిన జిగురంతా తీసింది. పెచ్చు లేచిన చోట పంటి రంగుకు సరిపోయే సిమెంటు నింపి, నీలం లైటు పెట్టి గట్టిపరిచి, నునుపు చేసింది. చేయి తిరిగిన పని. ఎవరి కంటికీ తేడా తెలియదు. సుజాత అద్దం చేతికి తీసుకొని కాసేపు ఊపిరి బిగబట్టి చూసుకుంది. తర్వాత నవ్వింది. ఆ గదిలో ఎవరూ వినని పెద్ద నవ్వు. నవ్వుతూ ఏడ్చింది. షమాను వాటేసుకుంది.

"ఈ కొంగు ఇంగ యాడ పెట్టుకోవల్లో తెలీడంల్యా డాక్టరమ్మా!"

తస్నీమ్ చెప్పాలని నోరు తెరిచింది. ఆ ముఖం చూసి మూసుకుంది. కూటం అయిపోనీ, రెండు రోజులాగి ఫోను చేసి చెబుతా అనుకుంది. సుజాత మెట్లు దిగిపోయాక, పెచ్చు అంటిన క్లిప్పును దూది గుడ్డలో చుట్టి సొరుగులో పెట్టింది.

రెండు రోజులు గడిచాయి. వారం గడిచింది. ఎనిమిదో రోజు ఫోను సుజాతే చేసింది.

"చల్లనీళ్లు తాగితే ఆ ముందుపన్ను జివ్వుమంటాంది తల్లీ. ఒకటే పన్ను. తప్పు నాదేలే. నువ్వు మెత్తటి బ్రష్షు వాడమంటివి, నేను నడమ ఒక నెల అంగట్లో దొరికింది వాడినా. దానికే అరిగిపోయిందేమో."

"అట్లేం కాదు అక్కా..." అంది తస్నీమ్. "పేస్టు ఒకటి పంపిస్తా. రాత్రిపూట రాసుకోండి. తగ్గుతుంది."

"సరే తల్లీ, నీ చేయి చల్లగుండ."

ఫోను పెట్టేసి తస్నీమ్ ఆ పేస్టు పేరు చీటీ మీద రాసి షమాకు ఇచ్చింది. పెచ్చు లేచిపోవడం ఎవరికైనా జరగొచ్చు. చదువుకునేటప్పుడు ఆమె గురువుల చేతుల్లో కూడా జరగడం చూసింది. కానీ చేయని తప్పును ఆ మనిషి తన మీద వేసుకుంటూ ఉంటే, అది నా చేతిలో జరిగిందని ఒక్క మాట అనలేకపోవడం ఆమె ఎవరి దగ్గరా నేర్చుకున్నది కాదు.

సంక్రాంతి సెలవులు అయిపోయి బళ్లు తెరిచాక ఒక తల్లీ కూతురూ ఆళ్లగడ్డ నుంచి వచ్చారు. కూతురు హిమజ తొమ్మిదో తరగతి. తల్లి భానుప్రియ, కుట్టుమిషను పెట్టుకొని జాకెట్లు కుడుతుంది.

"సుజాత టీచర్ పంపించినాది. టీచర్ ఇప్పుడు క్లాసులో నవ్వుతాంది మేడమ్, మీకు తెల్సునా?" అంది హిమజ. "నాకు గూడా టీచర్‌కి పెట్టినట్టే తెల్లవి పెట్టండి."

తస్నీమ్ పళ్లు చూసింది. కిందా పైనా ఇరుకు. పై పళ్లల్లో ఒకదానికి సన్నని గీత ఉంది. ఆమె లైటు తిప్పి మళ్లీ చూసింది.

"మేడమ్, తీసేటప్పుడు పళ్లకు ఏమన్నా అయితదా?" అని హిమజ అడిగింది.

తస్నీమ్ జవాబు చెప్పేలోపే భానుప్రియ కసిరింది. "ఏమైతదే? మీ టీచర్‌కి ఏమన్నా అయ్యిందా?"

ఇద్దరూ ఆమె వంక చూశారు. షమా గిన్నెలు సర్దుతున్నదల్లా ఆగిపోయింది. తస్నీమ్ ఏం చెప్పినా సగమే నిజమవుతుంది. ఈ పిల్లకు జరగొచ్చని చెప్పాలంటే, ఆ టీచర్‌కు జరిగిందని ముందు ఆ టీచర్‌కే చెప్పి ఉండాలి.

"ఎక్స్‌రే తీయించుకొని రెండు వారాలాగి రండి. అప్పుడు అన్నీ మాట్లాడుకుందాం," అని పంపేసింది.

ఆ సాయంత్రం ఇంటికి పోతే, తండ్రి మాబు సాహెబ్ వాకిట్లో కుర్చీ వేసుకొని టీ తాగుతున్నాడు. ఒకప్పుడు ఇంటింటికీ తిరిగి ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవాడు. ఇత్తడి పోయి స్టీలు వచ్చాక గాంధీచౌకు దగ్గర గిన్నెల అంగడి పెట్టుకున్నాడు. కూతురు చెప్పులు విడవకుండానే గోడకు ఆనుకోవడం చూసి, "ఏందీ, అట్లుండావ్?" అన్నాడు.

ఆమె అంతా చెప్పింది. ఆయన గ్లాసు కింద పెట్టి విన్నాడు.

"మళ్లా పూయలేవా? కళాయి మాదిరి?"

"పూసేది కాదు నాయనా అది. పన్ను వచ్చేటప్పుడే దాంతో పాటు వస్తుంది. పోతే మళ్లా రాదు. నేను సిమెంటు పెట్టినా. అది బాగానే ఉంటుంది. నాలుగేండ్లకో ఐదేండ్లకో మళ్లా పెట్టుకోవాల, అంతే."

"ఆమెకి తెల్సా, మళ్లా పెట్టుకోవల్లని?"

తస్నీమ్ వంగి చెప్పులు విడిచింది.

"మరి నాకు చెప్పి ఏం లాభం బేటీ? నా పన్ను కాదు గదా," అని ఆయన గ్లాసు తీసుకొని లోపలికి పోయాడు.

ఆదివారం వస్తానని తస్నీమ్ ఫోను చేస్తే సుజాత సంబరపడిపోయింది. చర్చి నుంచి పన్నెండుకల్లా వచ్చేస్తానని, అన్నం తమ ఇంట్లోనే తినాలని పట్టుబట్టింది. తస్నీమ్ కేసు కాగితాల నకళ్లు, ఫోటోలు ఒక కవర్లో పెట్టుకుంది. సొరుగులోని గుడ్డ పొట్లం కూడా తీసుకుంది. శిరివెళ్ల దాటాక బస్సు కిటికీలోంచి ఎండ ముఖం మీద కొట్టింది. ఆళ్లగడ్డలో రోడ్డు పక్క షెడ్లలో రాళ్లు కోసే మిషన్లు ఆదివారమైనా మోగుతున్నాయి. తెల్లటి దుమ్ము బస్సులోకి వచ్చింది. ఏ మాటతో మొదలుపెట్టాలో దిగేదాకా తేలలేదు.

బాలమ్మ గడప దగ్గరే చేయి పట్టుకుంది. "రా తల్లీ. కోడి మీ సాయిబుల అంగట్లోనే కోయించుకొని తెచ్చినాం. భయంల్యాకుండా తిను."

సుజాత వంటింట్లోంచి నవ్వుతూ వచ్చింది. రెండు విస్తర్లు వేసి అన్నం వడ్డించబోతుంటే తస్నీమ్ ఆమె చేయి ఆపింది.

"అక్కా, అన్నం ముందు ఒక మాట చెప్పాల. విని, తర్వాత పెట్టాలనిపిస్తే పెట్టండి."

కూర్చొని చెప్పింది. పంటికి గీత ఉందని మొదటి రోజే చూశానంది. అరగదీసి తీయాలని తానే రాసుకున్నానంది. కరెంటు వచ్చేదాకా ఆగలేదని, తొందరపడి పట్టుకారు వేశానని, పెచ్చు లేచిందని, సిమెంటు పెట్టి కప్పేశానని చెప్పింది. "చల్లనీళ్లకు జివ్వుమనేది దానికే. మీ బ్రష్షు వల్ల కాదు. మీ తప్పు ఏమీ లేదు." గుడ్డ విప్పి క్లిప్పును బల్ల మీద పెట్టింది.

సుజాత దాన్ని వేలితో తిప్పి చూసింది.

"ఇది నా పన్నా?"

"అవును. పైపొర."

"ఆ పొద్దు కరెంటు పోయిందని నాకూ తెల్సు. కుర్చీలో కూర్చున్నేది నేనే గదా. ఇట్ల, ఆగితే మంచిది అంటే నేను ఆగేదాన్ని. కూటం ఎనిమిదింటికి పెట్టుకునేదాన్ని. ఎవరొద్దంటారు?"

"అవును అక్కా."

"ఆ పెచ్చు ఆ పొద్దే చూపించింటే ఏమయ్యేది? ఏడ్చేదాన్ని. రొంతసేపు అరిచేదాన్ని. అంతేగదా." ఆమె గొంతు హెచ్చలేదు. అదే తస్నీమ్‌కు కష్టమైంది. "రెండు నెల్లు నేను నీళ్లు తాగినప్పుడంతా నన్ను నేనే తిట్టుకుంటి. అంత దుడ్లు పోసి చేయించుకొని పళ్లు కాపాడుకోలేని దాన్నని. మా యమ్మ ఆ మాట అంటే గూడా గమ్మున పడినా. మీరు ఫోన్లో విన్నారు గదా నేను చెప్పింది. విని పేస్టు పంపిస్తిరి."

రెండేళ్లలో సుజాత ఆమెను మీరు అనడం అదే మొదలు.

"భయపడినా," అంది తస్నీమ్. "మంచి పేరు పోతుందని. దానికి వేరే సాకేమీ లేదు."

సుజాత లేచింది. "అన్నం తిని పొండి. అమ్మా, వడ్డించు," అని లోపలి గదిలోకి పోయి తలుపు చేరవేసుకుంది.

బాలమ్మకు సగం అర్థమైంది. అన్నం, కూర వడ్డించి ఎదురుగా కూర్చుంది. "పన్ను ఊడలేదు గదా?"

"లేదవ్వా."

"అయితే అది పంటి కోసరం కాదులే," అంది ముసలామె, తలుపు వంక చూస్తూ. "తిను. విస్తరి ముందర కూర్చొని లేవగూడదు."

తస్నీమ్ నాలుగు ముద్దలు తిన్నది. కవరు బల్ల మీద పెట్టి, తలుపు దగ్గర నిలబడి చెప్పింది. "అక్కా, ఇందులో అన్నీ ఉన్నాయి. ఏం జరిగిందో రాసి సంతకం పెట్టినా. వేరే డాక్టరుకు చూపించుకోండి." చెప్పులు వేసుకొని బస్సు కోసం రోడ్డు మీదికి నడిచింది.

తర్వాత మూడు వారాలు ఆళ్లగడ్డ నుంచి ఎవరూ రాలేదు. ఫోనూ లేదు. తస్నీమ్ పని మాత్రం మారింది. కొత్తగా క్లిప్పుల కోసం వచ్చిన ప్రతివాళ్లకూ ముందు పళ్లు ఫోటో తీసి, గీతలుంటే పెద్దది చేసి చూపించేది. అతికించేటప్పుడు ఏమవుతుందో, తీసేటప్పుడు ఏం కావచ్చో చెప్పేది. బండి ఆత్మకూరు నుంచి వచ్చిన ఒకాయన, "ఇన్ని చెప్తాండావు, నీకు పని రాదేమో," అని కూతురిని లేపుకొని పోయాడు. ఇంకొకామె ఆలోచించుకొని వస్తానని పోయి రాలేదు. అలా పోయినప్పుడల్లా షమా ఆమె వంక చూసేది. తస్నీమ్ తర్వాతి పేరు పిలవమనేది.

నాలుగో వారం శనివారం మధ్యాహ్నం బడి తర్వాత సుజాత మెట్లెక్కి వచ్చింది. వెంట భానుప్రియ, హిమజ.

"కర్నూలు పోయి చూపించుకున్నా," అంది సుజాత, కూర్చోకుండానే. "నరం బాగుందంట. మీరు పెట్టిన సిమెంటు మంచిగుందంట. జివ్వుమనేది తగ్గిపోతుందన్నారు. తగ్గతాంది గూడా. ఇంగోటి అడిగినా ఆయప్పను. సార్, క్లిప్పులు తీస్తే పెచ్చు లేస్తదా అంటే, అట్లేం కాదమ్మా, భయపడొద్దండి అన్నాడు. నేను మీ కాగితం తీసి బల్ల మీద పెట్టినా. చదువుకొని, ఎప్పుడో ఒకరికి అవుతుందిలే అన్నాడు."

ఆమె హిమజ భుజం మీద చేయి వేసి ముందుకు తోసింది.

"ఈ పిల్లను యాడికో ఒకచోటికి పంపల్ల. పళ్లు నాకంటే అధ్వానం. మిమ్మల్ని మన్నించినానా లేదా అని నన్నడగొద్దండి, నాకే తెలీదు. నాకు చెప్పకుండా ఎగ్గొట్టినవి ఉండాయి గదా, అవన్నీ ఈ పిల్లకు చెప్పండి. నేను ఈడే కూర్చొని వింటా."

తస్నీమ్ చెప్పింది. క్లిప్పు అతకాలంటే ముందు పంటి మీద పుల్లటి మందు పూసి నునుపు పోగొట్టాలని, అప్పుడే పొర కొంచెం కరుగుతుందని చెప్పింది. తీశాక జిగురు గీకేటప్పుడు సన్న గీతలు పడతాయి. సరిగా తోమకపోతే క్లిప్పు చుట్టూ సున్నం చుక్కల్లాంటి తెల్ల మచ్చలొస్తాయి, అవి నిలిచిపోతాయి. ఎప్పుడో ఒకరికి పెచ్చు లేస్తుంది. హిమజ పంటిమీది గీతను ఫోటోలో పెద్దది చేసి చూపించింది.

"దీనికి తెల్ల క్లిప్పు పెడితే ఎక్కువ భయం. స్టీలుదైతే తక్కువ. అసలు ఉండదని మాత్రం చెప్పలేను."

"అసలు పెట్టుకోకపోతే?" హిమజ అడిగింది.

"ఇరుకులో తోమలేవు, పళ్లు పుచ్చుతాయి. ఇప్పటికే రెండు మొదలైనాయి. పెట్టుకోవడమే మంచిదని నా ఆలోచన. అయితే నిర్ణయం మీదే."

భానుప్రియ బిడ్డ వంక చూసింది. "స్టీలువి పెడితే బళ్లో పిల్లోళ్లు నవ్వరూ?"

"నవ్వుతారు," అంది సుజాత. "నేను ఆ నవ్వుకు భయపడే తెల్లవి అడిగినా."

హిమజ ఫోటోను కాసేపు చూసింది. "స్టీలువే పెట్టండి మేడమ్. ఆ గీత పన్నుకు మాత్రం చివర్లో పెట్టండి," అంది. చివర్లో పెడితే ఏం తేడా వస్తుందో ఎవరికీ తెలియదు. అయినా తస్నీమ్ సరేనంది.

ఇంటికి తీసుకుపోయి చదువుకొని, సంతకం చేసి తెమ్మని తస్నీమ్ ఒక కాగితం ఇచ్చింది. ఈ మధ్యనే తానే తెలుగులో రాసి అచ్చు వేయించింది. సుజాత అది హిమజ చేతిలోంచి తీసుకొని, కళ్లజోడు పెట్టుకొని చదివింది. నాలుగు వరసలు చదివేసరికి నుదురు ముడిపడింది.

"దంతోపరితల క్షయం. ఏందిది? ఎవురికి అర్థం కావల్లని రాసినారు? ఈ పిల్లకు తొంభై మార్కులొస్తాయి తెలుగులో, ఈమెకే తెలీదు." బ్యాగులోంచి పెన్ను తీసి ఆ మాట కొట్టేసి, పైన 'పంటి పైపొర అరగడం' అని రాసింది. కుర్చీ లాక్కొని బల్ల దగ్గర కూర్చుంది. పరీక్ష పేపరు దిద్దినట్టు వరస వరసా దిద్దుకుంటూ పోయింది. మధ్యమధ్య అడిగింది. ఇది ఎంతమందికి అవుతుంది? సరిగ్గా తెలియదా? అయితే తెలియదని రాయండి. ఇది మళ్లా వస్తుందా? రాదా? అయితే రాదని ముందే రాయండి, కింద చిన్నక్షరాల్లో ఎందుకు?

బయట గదిలో మనుషులు పెరిగారు. షమా తలుపు తీసి చూస్తే, తస్నీమ్ కాసేపు ఆగమని సైగ చేసింది.

చివరికి వచ్చి సుజాత పెన్ను ఆపింది. కింద ఖాళీగా ఉన్నచోట ఒక వాక్యం కొత్తగా రాసి, కాగితాన్ని తస్నీమ్ వైపు తిప్పింది. 'పనిలో పంటికి ఏమైనా దెబ్బ తగిలితే, చిన్నదైనా సరే, మీరు కుర్చీలోంచి దిగేలోపే మీకు చెబుతాం' అని ఉంది.

"ఇది అచ్చు వేయించగలరా?" అంది.

తస్నీమ్ రెండుసార్లు చదివింది. అంత చిన్న వాక్యానికి తాను ఎంత కట్టుబడి ఉండాల్సి వస్తుందో ఆమెకు తెలిసినట్టు అక్కడ ఇంకెవరికీ తెలియదు.

"వేయిస్తా అక్కా," అంది. "సంతకం నేనే పెడతా, పేషెంట్లకంటే ముందు."

సుజాత పెన్ను మూత పెట్టుకొని లేచింది. "తప్పుల్లేకుండా వేయించండి. వచ్చే శనివారం ఈ పిల్లతో మళ్లా వస్తా, చూస్తా," అని భానుప్రియను, హిమజను ముందు నడిపించుకుంటూ మెట్లు దిగింది.